ఫోన్ తప్ప డబ్బు తెలీని పిల్లలకి అణా పైసలు ఎలా చెప్పాలి?

మియాపూర్ అమ్మ
అందరికీ నమస్తే. మా బాబుకి ఎనిమిదేళ్ళు, థర్డ్ క్లాస్. మొన్న కూరగాయల బండి దగ్గర డబ్బుల్లేవురా అంటే "స్కాన్ చెయ్యి మమ్మీ, వస్తాయి" అన్నాడు, బండి ఆయన ఒకటే నవ్వు. ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్య వీడికి పావలా లెక్క కూడా రాదు అంది, పావలా అంటే ఏంటి నానమ్మా అన్నాడు, నాలుగణాలురా అంది, అణా అంటే ఏంటి... అలా అరగంట నడిచింది. దసరా సెలవుల్లో మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి డబ్బు ఎలా వచ్చింది, పాత లెక్కలేంటి అనేది ఆటలాగా చెప్దామని ఉంది. వీడియోలు వద్దు, చేత్తో చేసేవే కావాలి, వయసు 7 నుంచి 11. మీరు నిజంగా చేసి చూసినవి ఉంటే చెప్పండి ప్లీజ్.

లెక్కల పంతులు
నేను బళ్ళో లెక్కలు చెప్తానండి. మొదటి రోజు డబ్బు మాటే ఎత్తకండి. ఒకళ్ళకి గుప్పెడు పల్లీలు, ఒకళ్ళకి పెన్సిళ్ళు, ఇంకొకళ్ళకి అరటిపళ్ళు ఇచ్చి, ఎవరు ఏం సంపాదించాలో చీటీ రాసివ్వండి. మెలిక ఎక్కడంటే పెన్సిల్ ఉన్నవాడికి అరటిపండు కావాలి, అరటిపండు ఉన్నవాడికేమో పెన్సిల్ అక్కర్లేదు, పల్లీలే కావాలి. పది నిమిషాల్లో గోల గోల. మా క్లాసులో ఒక పిల్ల పండు సగం విరిచి ఇస్తానంది, ఎంగిలి పండు ఎవడికి కావాలి అని వీడు, నేనేం కొరకలేదుగా అని అది, కొట్టుకునేదాకా వెళ్ళింది.

అప్పుడు తలా పది గవ్వలివ్వండి, పూజ సామాన్ల షాపులో దొరుకుతాయి, లేకపోతే చింతగింజలైనా సరే. ఐదు నిమిషాల్లో బేరాలు తెగిపోతాయి. అప్పుడు చెప్పండి, మన దేశంలో నిజంగానే గవ్వలు డబ్బుగా చెల్లాయని, మాల్దీవుల నుంచి ఓడల్లో దిగేవని. చిల్లిగవ్వ లేదు అనే మాట పిల్లలు అప్పటిదాకా తిట్టు అనుకుంటారు 😀

మర్నాడు అసలు మజా. డబ్బాడు చింతగింజలు తెచ్చి తలా దోసెడు పోసెయ్యండి, సరుకు మాత్రం నిన్నటంతే ఉంచండి. మా దగ్గర పెన్సిల్ రెండు గింజల నుంచి పదిహేనుకి పోయింది. "సార్ మరి గవర్నమెంట్ బోలెడు నోట్లు అచ్చేసి అందరికీ ఇవ్వొచ్చుగా" అని ఏటా అడిగే పిల్లాడు ఈసారి అడగలా.

ఓరుగల్లు పోరడు
గవ్వలు మంచిగనే ఉంటయ్ గని అక్కా, మన దిక్కు హాలీ సిక్కా మర్చిపోకుర్రి. నిజాం రాజ్యంల రూపాయి వేరే, అదే హాలీ సిక్కా; బ్రిటిషోళ్ళ రూపాయి వేరే, దాన్ని కల్దార్ అనేటోళ్ళు. సుమారుగ ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. మేమేం జేసినమంటే రెండు బల్లలేసి ఒకటి బ్రిటిషోళ్ళ బెజవాడ, ఒకటి నిజాం హైదరాబాద్ అనుకున్నం, నడుమ ఒకల్ని డబ్బులు మార్చే సావుకారి లెక్క కూసోబెట్టినం, కమీషన్ తీస్కోవచ్చు. మా మేనకోడలు ఆ కుర్సీ ఎక్కి మళ్ళ దిగనే లేదు, ఏం కొనలే, ఏం అమ్మలే, ఆఖరుకు అందరికంటె ఎక్కువ పైసలు దానికాడనే తేలినయ్. అట్టముక్కలు గుండ్రంగ కత్తిరిచ్చి చార్మినార్ గీయిపియ్యుర్రి, నిజాం నాణేల మీద అదే ఉంటుండె.

తెనాలి అబ్బాయి
మా నాన్నగారు 1949లో పుట్టారు, ఆయన చెప్తుంటే టైప్ చేస్తున్నా. రూపాయికి 16 అణాలు, అణాకి నాలుగు కానులు, రెండణాలు బేడ. 1943-47 మధ్య కానీకి నడిమధ్యలో పెద్ద చిల్లు ఉండేది, యుద్ధం రోజుల్లో లోహం ఆదా చెయ్యడానికి. వీళ్ళు దాన్ని మొలతాడుకి కట్టుకుని బడికి వెళ్ళేవాళ్ళట. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి 100 నయాపైసలు అన్నారు, అక్కడొచ్చింది తంటా, అణా అంటే ఆరుంపావు పైసలు, పావు పైసా ఎక్కడ తెస్తారు? అందుకని అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని లెక్క కట్టారు. వాళ్ళ వీధి కొట్టాయన నాలుగణాలు విడివిడిగా మారిస్తే 24 చేతిలో పెట్టేవాడట, ఆ ఒక్క పైసా కోసం నాన్నగారు ఇప్పటికీ తిడుతున్నారు 😂 పిల్లలకి ఇది చెప్పకండి, అణాలు మార్చుకోమని వదిలెయ్యండి, ఎక్కడ పోయిందో వాళ్ళే పట్టుకుంటారు.

నాణేల పిచ్చి
ఇంట్లో ఉన్న చిల్లరతోనే ఒక పూట గడిచిపోద్ది. నాణెం మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిస్తే బొమ్మ దిగుద్ది, మనమంతా చేసిందే. తర్వాత ఏడాది అంకె కింద చూడమనండి: స్టార్ ఉంటే హైదరాబాద్ మింట్ (నాణేలు తయారుచేసే చోటు), డైమండ్ ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. నోటు వెనకాల భాషల పట్టీలో తెలుగు ఎన్నో వరసో వెతకమనండి, కింద నుంచి రెండోది. 50 నోటు మీద హంపి రథం ఉంటుంది, అక్కడి నుంచి విజయనగర రాజుల బంగారు నాణేలు, అంటే వరహాల్లోకి వెళ్ళొచ్చు, వరాహం బొమ్మ ఉండబట్టే ఆ పేరు. సైఫాబాద్‌లో పాత మింట్ ఇప్పుడు మ్యూజియం, ఏ రోజుల్లో తీస్తారో కనుక్కుని వెళ్ళండి. ఒక్కటి మాత్రం, ఆట కోసమని నోట్లు కలర్ జిరాక్స్ తీయకండి, అది నేరం.

డల్లాస్ బావ
మా అమ్మ ఇక్కడికొచ్చి క్వార్టర్‌ని పావలా అంటుంటే మా పిల్లలు నవ్వేవాళ్ళు. డాలర్‌లో పావు వంతేగా, కరెక్టే కదా అని ఒకరోజు నాకే వెలిగింది.

మియాపూర్ అమ్మ
అందరికీ థాంక్స్ అండి, నాలుగు రోజులు చేశాం. అరటిపళ్ళ ఆట సూపర్ హిట్, హాలీ సిక్కా కమీషన్ లెక్క చిన్నవాళ్ళకి కష్టమైంది, పెద్దవాళ్ళు మాత్రం వదల్లేదు. పైసా ఎక్కడ పోయిందో ఫోర్త్ క్లాస్ పాప పట్టుకుంది. అత్తయ్య ట్రంకు పెట్టెలోంచి పౌడర్ డబ్బా తీస్తే అందులో నలుచదరం బేడ ఒకటి దొరికింది, ముగ్గురు పిల్లలు దాని మీద కాగితం పెట్టి రుద్దీ రుద్దీ చింపేశారు. కొత్త సమస్య ఏంటంటే స్టార్ ఉన్న నాణెం ఏదీ మావాడు ఖర్చు పెట్టనివ్వట్లేదు, పొద్దున పాలబ్బాయికి చిల్లర లేక మళ్ళీ స్కానే చేశా.