వాలు పెరట్లో కోళ్ల దొడ్డి: మట్టి పోసి చదును చేయాలా, వాలు మీదే కట్టాలా?

కొండకింద ఇల్లు (శృంగవరపుకోట):
అందరికీ నమస్కారం. మా ఇల్లు అనంతగిరి కొండల దిగువన ఉన్నందువల్ల పెరడు పడమర ఎత్తుగా, తూర్పు పల్లంగా ఉంటుంది. 14 నాటుకోళ్లకు 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో దొడ్డి కట్టాలనుకుంటే, ఆ 20 అడుగుల్లోనే నేల రెండున్నర అడుగులు దిగిపోతోంది. చూడటానికి వచ్చిన మేస్త్రీ, మూడు ట్రాక్టర్ల గ్రావెల్ పోయించి చదును చేస్తే తప్ప పని పట్టనన్నారు. మా వారు ఆదివారాలు మాత్రమే ఇంటి పట్టున ఉంటారు. మిగతా రోజుల్లో నేను, మా అత్తగారు చేయగలిగినంతే పని. గత నెలలో ముంగిస పట్టపగలే రెండు పెట్టలను చంపింది. వాటిలో ఒకటి పొదుగుతున్న పెట్ట. దాని గుడ్లను వేరే పెట్ట కింద పెట్టినా ఒక్కటీ పిల్ల కాలేదు. ఇలాంటి నేలమీద కట్టినవారు ఏం చేశారో, ఎవరి సాయం తీసుకున్నారో దయచేసి చెప్పండి.

మెళియాపుట్టి రైతు:
అమ్మా, మట్టి పోయించకండి. నేను ఆ పనే చేసి నష్టపోయాను. పల్లం వైపు రాతికట్టు లేకుండా గ్రావెల్ పోయించి, దిమ్మిస కొట్టించి, ఆ వారంలోనే గుంజలు పాతాను. జూలై వానలకు మట్టి కుంగి, పల్లం వైపు గుంజలన్నీ బయటికి ఒరిగాయి. వల వదులై కింద చెయ్యి పట్టేంత సందు పడింది. కొత్తగా పోసిన మట్టి కనీసం ఒక వానాకాలమైనా నాని దిగితే గాని గుంజను పట్టి ఉంచదు. చివరికి ఆ మట్టినంతా తీసి అరటి మొదళ్లకు వేసి, పాత వాలు మీదే మళ్లీ కట్టాను. నాలుగేళ్లయింది, ఒక్క గుంజ కూడా కదలలేదు.

బొబ్బిలి వడ్రంగి:
మెళియాపుట్టి వారు చెప్పినదే సరైనది. నేల ఎంత వాలుగా ఉన్నా గుంజలను మాత్రం తూకపుగుండు వేలాడదీసి నిట్టనిలువుగానే పాతాలి. సరుగుడు గుంజలైతే రెండడుగుల లోతున పాతి, మట్టిలో ఉండే భాగానికి తారు పూయండి, లేకపోతే చెదలు వదలవు.

అసలు పొరపాటు జరిగేది వల దగ్గర. చదరపు గళ్ల వెల్డ్ మెష్ (తీగలను అతికించి చేసిన ఇనుప వల) వాలు వెంట వంగదు. దాన్ని మట్టంగా బిగిస్తే, రెండు గుంజల మధ్య కింద ముక్కోణపు సందు మిగులుతుంది. మీ వాలుకు 10 అడుగులకొక గుంజ పెడితే ఆ సందు పల్లపు కొసన అడుగుంపావు ఉంటుంది. 5 అడుగులకొకటి పెడితే ఏడున్నర అంగుళాలకు తగ్గుతుంది. అదీ ముంగిసకు ఎక్కువే కనుక, అరంగుళం గళ్ల మెష్‌ను నేల ఆకారానికి కత్తిరించి, బైండింగ్ వైరుతో జానెడుకొక ముడి వేసి మూయండి. రాతి నేలలో వలను లోతుగా పాతిపెట్టే ప్రయాస అక్కర్లేదు. అడుగున్నర వెడల్పు మెష్‌ను కంచె అడుగు నుంచి బయటికి నేలమీద పరచి, పైన రాళ్లు పేర్చండి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది గనుక, కాళ్లకు మెష్ తగిలి ఆగిపోతుంది.

గుంజల తలలు మట్టం చేయడానికి నీళ్ల ట్యూబు చాలు (నీళ్లు నింపిన పారదర్శక ట్యూబు, రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తున నిలుస్తాయి), అయితే దానికి ఇద్దరు మనుషులు తప్పనిసరి. ట్యూబులో గాలి బుడగ లేకుండా చూసుకోండి, ఎందుకంటే ఒక్క బుడగ ఉన్నా మట్టం తప్పు చూపిస్తుంది.

పలాస జీడితోట:
2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటినప్పుడు, దొడ్డిమీద వేసిన రేకులు గుంజలతో సహా లేచిపోయాయి. ఇప్పుడు రాత్రి పడుకునే గూటికి మాత్రమే రేకు వేసి, దొడ్డిపైన నైలాన్ వల కట్టాము. గాలి దానిలోంచి పోతుంది, గద్ద మాత్రం దిగలేదు.

గజపతినగరం పెరటి కోళ్లు:
నీటి సంగతి ఎవరూ చెప్పలేదు, నా దృష్టిలో అదే ముఖ్యం. దొడ్డికి ఎగువన మూడడుగుల దూరంలో జానెడు లోతు కాలువ తీసి, వాననీటిని పక్కకు మళ్లించండి. గూడును ఎత్తు కొసన పెట్టండి. కోళ్లు కెలికినకొద్దీ ఊక, ఆకులు అన్నీ పల్లానికి జారి ఎగువ నేల బోడిదవుతుంది. వాలుకు అడ్డంగా ఆరడుగులకొక తాటిపట్టె పడుకోబెడితే చెత్త అక్కడక్కడ నిలిచి, కోళ్లే మెట్లు కట్టుకుంటాయి. తలుపు మాత్రం పల్లం వైపుకే తెరుచుకునేలా బిగించండి, ఎత్తు వైపుకైతే నేలకు తగిలి పట్టేస్తుంది.

కొండకింద ఇల్లు (శృంగవరపుకోట):
మీ అందరికీ కృతజ్ఞతలు. గ్రావెల్ ఆలోచన మానేశాము. పక్కింటి దంపతులకు కూడా దొడ్డి కావాలి కనుక, రెండు ఆదివారాలు వారు మా పనికి, తర్వాతి రెండు ఆదివారాలు మేము వారి పనికి అని మాట్లాడుకున్నాము. గుంతలు ఇద్దరు మగవాళ్లు తవ్వారు. ట్యూబు ఒక కొసను మా అత్తగారు, మరో కొసను పక్కింటి వదినగారు పట్టుకున్నారు. మొదటిసారి కొలతలో ఏదో తేడా కనిపిస్తే, అత్తగారు ట్యూబును వెలుతురుకు ఎత్తి చూసి, మధ్యలో పెసరగింజంత బుడగను పట్టుకున్నారు. నీళ్లు వదిలి మళ్లీ నింపితే గాని అది పోలేదు. ఆమె చూడకపోతే ఆ వరుస అంతా తప్పు వచ్చేది.

మెష్ పరచి రాళ్లు పేర్చిన మూడో రోజు తెల్లవారేసరికి ఈశాన్యం మూల ఒక రాయి పక్కకు జరిగి, మెష్ అంచు దగ్గర మట్టిమీద గోళ్ల గీతలు ఉన్నాయి. లోపల మిగిలిన 12 కోళ్లూ క్షేమంగా ఉన్నాయి. ఆ మూల ఇప్పుడు పెద్ద రాయి వేశాము. తాటిపట్టెలు వచ్చే ఆదివారం పడతాయి.