ఇన్ హాస్పిటల్ ఆ, ఇన్ ద హాస్పిటల్ ఆ? తల పగిలిపోతోంది

వానచినుకు:
సాయంత్రం నుంచి ఒక్క లైన్ దగ్గరే ఆగిపోయా. అమ్మ గురించి ఇంగ్లీష్‌లో రాస్తున్నా, "షి ఈజ్ ఇన్ హాస్పిటల్" అంటే సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెట్టి మధ్యలో "ద" పెట్టమంటోంది, డిక్షనరీలో చూస్తే "ద" లేకుండానే ఉంది, ఇంకోచోట "ఎట్" అంటున్నారు. ఏదో ఒకటి తేల్చి చెప్పండి ప్లీజ్, పొద్దున్నే సబ్మిట్ చేయాలి.

రెండోబెంచి:
రెండూ కరెక్టే. బ్రిటిష్‌లో "ద" ఉండదు, అమెరికన్‌లో ఉంటుంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ మార్చండి.

పాతకలం:
అంత తేలిగ్గా వదిలేస్తే ఎలా అండీ. బ్రిటిష్ వాడకంలో "ఇన్ హాస్పిటల్" అంటే పేషెంట్‌గా చేరినట్టు, "ఇన్ ద హాస్పిటల్" అంటే ఆ బిల్డింగ్‌లో ఉన్నట్టు, చూడ్డానికి వెళ్ళినా సరే. ప్రిజన్ కూడా అంతే, ఖైదీ "ఇన్ ప్రిజన్", అతన్ని కలవడానికొచ్చిన లాయర్ "ఇన్ ద ప్రిజన్". అసలు ఆర్టికల్స్ దగ్గర ఇంత తడబాటు ఎందుకంటే స్కూల్లో ఏ, ఈ, ఐ, ఓ, యూ ముందు "యాన్" అని బట్టీ పట్టించి వదిలేశారు. చూడాల్సింది అక్షరం కాదు, శబ్దం. "యాన్ అవర్", "ఎ యూనివర్సిటీ", "యాన్ ఎమ్మారై స్కాన్".

తెల్లకాగితం:
శబ్దమే అయితే "హిస్టారిక్" ముందు "యాన్" రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కదా, "హ" పలుకుతూనే?

పాతకలం:
అది పాత అలవాటు. మొదటి సిలబుల్ మీద ఒత్తు లేని, అంటే దాన్ని నొక్కి పలకని మాటల్లో "హ" తేలిపోయేది, అందుకు వచ్చింది. హాస్పిటల్‌లో ఒత్తు మొదట్లోనే ఉంది కాబట్టి "ఎ హాస్పిటల్".

రెండోబెంచి:
అడిగింది "యాన్" గురించి కాదు.

నీలిమేఘం:
అమ్మగారికి ఇప్పుడెలా ఉందండీ?

వానచినుకు:
అయ్యో అమ్మకేం కాలేదండీ, అమ్మ అక్కడ నర్సు. ఫ్యామిలీ గురించి పేరాగ్రాఫ్ రాయమన్నారు.

రెండోబెంచి:
అది ముందు చెప్పాలి కదా. "షి వర్క్స్ ఎట్ ఎ హాస్పిటల్".

పాతకలం:
"ఇన్ ఎ హాస్పిటల్" కూడా తప్పు కాదు. "ఎట్" అంటే పనిచేసే సంస్థ అని, "ఇన్" అంటే లోపలి చోటు అని కాస్త తేడా, అంతే. మొదటిసారి చెప్తున్నారు కాబట్టి "ఎ", తర్వాతి లైన్లో అదే హాస్పిటల్ వస్తే "ద". "షి ఈజ్ ఎ నర్స్" లో కూడా "ఎ" వదలకండి, తెలుగులో అమ్మ నర్సు అంటే సరిపోతుంది కాబట్టి చాలామంది ఎగరగొట్టేస్తారు.

వానచినుకు:
"ఎట్ ఎ" పెట్టేశా, గీత పోయింది. థాంక్సండీ.

తెల్లకాగితం:
పాతకలం గారూ, "హోటల్" లో ఒత్తు రెండో సిలబుల్ మీద కదా, మరి పాత పుస్తకాల్లో "యాన్ హోటల్" కనిపించేది అందుకేనా?