డీఎండీ అనుమానం ఉంటే ముందు ఎంఎల్‌పీఏనా, నేరుగా ఎక్సోమా?

గుంటూరు నాన్న:
మా బాబుకి ఆరేళ్లు. కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేస్తాడు. పిక్కలు లావు. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే 14 వేలు. డాక్టరు గారు డుషెన్ కండరాల జబ్బు, అదే డీఎండీ అనుమానంతో ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్ష రాశారు. మా బాబాయి మాత్రం "దాదాపు అన్ని జన్యువుల్నీ ఒకేసారి చదివే ఎక్సోమ్ ఉండగా ఆ పాత టెస్టు దేనికి" అంటున్నాడు. రెండుసార్లు డబ్బు కట్టే పరిస్థితి లేదు.

రవి:
బాబాయి గారిదే కరెక్టు. లింబ్ గర్డిల్ రకం కండరాల జబ్బులు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. ఎంఎల్‌పీఏ చూసేది ఒక్క జన్యువునే. అందులో ఏమీ లేకపోతే ఎలాగూ ఎక్సోమ్‌కే వెళ్లాలి.

పిపెట్ చెల్లెమ్మ:
రవి గారూ, నేను రోజూ ల్యాబులో చేసే పనే ఇది. డీఎండీ జన్యువులో 79 ఎక్సాన్లు, అంటే ముక్కలు. సుమారు నాలుగింట మూడు వంతుల మంది పిల్లల్లో తప్పు ఎక్కడో ఒక అక్షరం మారడం కాదు, ఎక్సాన్లకి ఎక్సాన్లే ఎగిరిపోవడమో, రెట్టింపవడమో. ఎంఎల్‌పీఏ రెండు ట్యూబుల్లో ఆ 79నీ లెక్కపెట్టేస్తుంది. 45 నుంచి 50 దాకా పోతే బాబు గ్రాఫులో ఆ ఆరు చోట్లా సున్నా. తల్లి క్యారియర్ అయితే, అంటే ఆ తప్పుని తను మోస్తుంటే, ఆమెకి అక్కడే సగం ఎత్తు. ఎక్సోమ్‌లో ఇదంతా రీడ్లు (మెషిన్ చదివిన డీఎన్‌ఏ తునకలు) ఎన్ని పడ్డాయో చూసి అంచనా వేయాలి. సగం తగ్గితే అది నిజంగా పోయిందా, రీడ్లే సరిగా పడలేదా అని తల పట్టుకుంటాం.

రవి:
ఇప్పటి సాఫ్ట్‌వేర్లు బాగానే పట్టుకుంటున్నాయండి. పైగా ఎంఎల్‌పీఏ తప్పు చెప్పదా? ఎక్సాన్‌ని వెతికే చిన్న డీఎన్‌ఏ ముక్క, అదే ప్రోబ్, అతుక్కునే చోట చిన్న తేడా ఉంటే చాలు, ఉన్న ఎక్సాన్‌ని లేదంటుంది.

పిపెట్ చెల్లెమ్మ:
అది నిజం, కాదనను. అందుకే ఒక్క ఎక్సానే పోయిందని వస్తే పీసీఆర్‌తో మళ్లీ చూడందే రిపోర్టు ఇవ్వం. కానీ ఎక్సోమ్‌లో డిలీషన్ (ఎక్సాన్ పోవడం) కనపడ్డా ఖాయం చేసుకోవడానికి మళ్లీ ఎంఎల్‌పీఏ దగ్గరికే వస్తాం కదా! అర్థం తేలని మార్పులు నాలుగు రాసి పంపితే ఆ ఇంట్లో టెన్షన్ ఎవరు తీరుస్తారు?

రవి:
సరే, ఈ బాబు లక్షణాలకైతే ఒప్పుకుంటా. నెగెటివ్ వస్తే మాత్రం ఎక్సోమ్ ఆలస్యం చేయొద్దు.

గుంటూరు నాన్న:
ఇంకో మాట. మా మరదలికి, అంటే మా ఆవిడ చెల్లెలికి, ఇప్పుడు మూడో నెల. తనకీ చేయించాలా?

పిపెట్ చెల్లెమ్మ:
అన్నయ్యా, ఇది ముందే చెప్పాల్సింది. బాబులో ఏం పోయిందో తెలిస్తేనే ఆవిడలో దేనికోసం వెతకాలో తెలుస్తుంది. లేకపోతే ఆవిడ రిపోర్టు నార్మల్ వచ్చినా నమ్మడానికి లేదు. రేపే బాబుదీ, వాళ్లమ్మదీ రక్తం ఇవ్వండి. గర్భిణి ఉన్నారని ఫారం మీద పెద్దగా రాయించండి. ఆవిణ్ని ఈ వారమే జెనెటిక్ కౌన్సెలర్‌కి చూపించండి.