ఎన్‌బీఏ చరిత్రలో ఒక్క సంఘటన మార్చే ఛాన్స్ ఇస్తే ఏది మారుస్తారు?

కార్నర్‌సీటు:

మా బ్యాచ్‌లో నాలుగు రోజులుగా ఇదే గొడవ, ఎంతకీ తేలట్లేదు, అందుకే ఇక్కడ పడేస్తున్నా. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) చరిత్రలో ఒకే ఒక్క సంఘటన మార్చొచ్చు అంటే మీరు దేని మీద చెయ్యేస్తారు? షాట్ కావొచ్చు, గాయం కావొచ్చు, ట్రేడ్ కావొచ్చు, ఏదైనా సరే. కండిషన్ ఒక్కటే, అది మారితే దాని వెనకాల ఇంకా ఏమేం మారతాయో కూడా మీరే చెప్పాలి. "మా టీమ్ ఇంకో మూడు టైటిళ్లు కొట్టేది" అని ఓ ముక్క రాసి వెళ్లిపోతే కుదరదు. అత్తకు మీసాలుంటే అనే సామెత నేనే తెచ్చేశా, ఇంకెవరూ శ్రమ పడక్కర్లేదు.

నా ఓటు 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కి. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో శాన్ ఆంటోనియో మయామీ మీద 3-2తో ముందుంది, ఇంకో 28 సెకన్లు ఉందనగా స్కోరు 94-89. ట్రోఫీ ఇవ్వడం కోసం కోర్టు పక్కన పసుపు తాళ్లు కూడా తెచ్చి పెట్టేశారు. అప్పుడు మయామీ స్టార్ లెబ్రాన్ ఒక త్రీ (గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) కొట్టాడు. శాన్ ఆంటోనియో కుర్రాడు కవాయ్ లెనార్డ్ రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి పోగొట్టాడు, 95-92. లెబ్రాన్ మళ్లీ త్రీ వేశాడు, పడలేదు, రీబౌండ్ (పడకుండా తిరిగొచ్చిన బంతి) మయామీ బాష్‌కి దొరికింది. ఇక్కడే వాళ్ల రే అలెన్ కాళ్లు చూడండి, ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. రింగు దగ్గరున్నవాడు అటు తిరక్కుండా, కిందికి చూడకుండా, గబగబా వెనక్కి అడుగులేసుకుంటూ కుడి కార్నర్‌లోకి పోయాడు. అక్కడ త్రీ గీతకీ సైడ్‌లైన్‌కీ మధ్య ఉండేదే మూడడుగులు, ఆ సందులో రెండు పాదాలూ కొలిచి పెట్టినట్టు పెట్టాడు. బంతి అందడం, వదలడం, అంతే. 5.2 సెకన్లు మిగిలాయి, 95-95. ఓవర్‌టైమ్‌లో మయామీ 103-100, ఏడో మ్యాచ్ కూడా వాళ్లదే.

అది పడకపోతే శాన్ ఆంటోనియోకి 2013, 2014 వరసగా రెండు టైటిళ్లు, వాళ్లెప్పుడూ వరసగా కొట్టలేదన్న పేరూ పోయేది. వాళ్ల డంకన్‌కి మొత్తం ఆరు టైటిళ్లు, అంటే జోర్డాన్‌తో సమానం. లెబ్రాన్‌కి ఒకటి తగ్గేది, నాలుగేళ్లలో ఒక్కటేనా అని మయామీని జనం ఇప్పటికీ ఏడిపిస్తూ ఉండేవాళ్లు. ఇంతకంటే పెద్దది ఉంటే చూపించండి.

పాతటేప్:

అన్నా, షాట్ గురించి బాగా రాశావు కానీ లెక్కలో ఒక తప్పు దొర్లింది. 2014ని ఉన్నదున్నట్టు ఉంచేసి పక్కన 2013 చేర్చావు. ఆ 2014 ఎక్కణ్నుంచి వచ్చింది మరి? ముందేడు చేతిలో ఉన్నది జారిపోయిందన్న మంట నుంచే కదా. ఆ ఫైనల్స్‌లో మయామీ మీద గెలిచిన నాలుగు మ్యాచ్‌లూ 15 పాయింట్లు, అంతకు మించిన తేడాతో గెలిచారు. 2013లోనే పని అయిపోయి, 37 ఏళ్ల డంకన్ ఇక చాలు అనుకుని ఉంటే? అప్పుడూ ఐదే, సంవత్సరం మాత్రం మారేది.

నేనైతే ఇంకా వెనక్కి పోతా. 1984 డ్రాఫ్ట్, అంటే కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే రోజు. ఆగండాగండి, పోర్ట్‌లాండ్ జోర్డాన్‌ని వదిలేసి శామ్ బౌవీని తీసుకుంది అనే పాత పాట కాదు. దానికి ముందు పడిన టాస్ సంగతి.

మొదట ఎంచుకునేదెవరో లాటరీ తీసి తేల్చే పద్ధతి అప్పటికి లేదు. ఈస్ట్, వెస్ట్ అని లీగ్‌లో ఉన్న రెండు కాన్ఫరెన్సుల్లోనూ అట్టడుగున ఉన్న టీమ్‌ల మధ్య నాణెం ఎగరేసేవాళ్లు, గెలిస్తే మొదటి పిక్ (ఎంచుకునే వంతు), ఓడితే రెండోది. వెస్ట్‌లో 29 మ్యాచ్‌లే గెలిచిన హ్యూస్టన్ వచ్చింది. ఈస్ట్‌లో 26తో ఇండియానా రావాలి, కానీ వాళ్లు అంతకు మూడేళ్ల ముందే టామ్ ఓవెన్స్ అనే సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడుగాటివాడు) కోసం ఆ పిక్‌ని పోర్ట్‌లాండ్‌కి ఇచ్చేసుకున్నారు. (ఒక సెంటర్ కోసం ఏం వదులుకున్నారో తర్వాత తలుచుకుని ఎంత ఏడ్చారో పాపం.) అలా 48 మ్యాచ్‌లు గెలిచిన పోర్ట్‌లాండ్ ఆ టాస్‌లో నిలబడింది. హ్యూస్టన్ గెలిచింది, హకీమ్ ఒలాజువాన్‌ని తీసుకుంది. జోర్డాన్ ఆడే పొజిషన్‌లో పోర్ట్‌లాండ్‌కి అప్పటికే డ్రెక్స్‌లర్ ఉన్నాడు, అదే పొజిషన్‌లో ఆల్‌స్టార్ ఆడిన జిమ్ పాక్సన్ కూడా ఉన్నాడు, కావాల్సింది సెంటర్, కాబట్టి బౌవీ. కాలేజీలో కాలి ఎముక దెబ్బతిని రెండు సీజన్లు ఆడనివాడని తెలిసే తీసుకున్నారు. మూడో పిక్ షికాగోది, జోర్డాన్.

ఇప్పుడు నాణెం రెండో వైపు పడింది అనుకోండి. పోర్ట్‌లాండ్ హకీమ్‌ని తీసుకుంటుంది, అందులో ఎవరికీ డౌట్ అక్కర్లేదు. హకీమ్, డ్రెక్స్‌లర్ ఒకే కాలేజీ టీమ్‌లో కలిసి ఆడినవాళ్లు. అసలు కథలో వాళ్లిద్దరూ మళ్లీ ఒక జట్టులో కలవడానికి 1995 దాకా పట్టింది, కలిసిన ఆ సీజన్‌లోనే టైటిల్ కొట్టారు. హకీమ్ లేకుండానే 1990, 1992లో ఫైనల్స్ దాకా వచ్చిన పోర్ట్‌లాండ్‌కి పదకొండేళ్ల ముందే హకీమ్ దొరికితే ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇక హ్యూస్టన్‌లో 7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉన్నాడు, ఇంకో సెంటర్‌తో వాళ్లకేం పని, జోర్డాన్‌ని పట్టుకుపోయేవాళ్లని నా నమ్మకం. బౌవీ షికాగోకి. ఆ మరుసటి ఏడాది టాస్ తీసేసి లాటరీ పెట్టారు. అంటే ఆ పద్ధతిలో ఎగిరిన ఆఖరి నాణెం అది. ఆటగాళ్ల తప్పు లేదు, కోచ్ తప్పు లేదు, బొమ్మా బొరుసా అంతే, మూడు టీమ్‌ల తలరాత మారిపోయింది.

ఎయిర్‌బాల్:

జోర్డాన్ ఎక్కడికి పోయినా ఆరు ఆరే. హ్యూస్టన్ జెర్సీలో కొట్టేవాడు, అంతే తేడా. దీనికింత పెద్ద పోస్ట్ ఎందుకు భయ్యా.

పాతటేప్:

ఎందుకంటే షికాగోలో మొదటి మూడేళ్లూ ఆయన ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే సిరీస్‌లు) పది మ్యాచ్‌లు ఆడి ఒకటే గెలిచాడు. బాస్టన్ మీద 63 పాయింట్లు కొట్టిన మ్యాచ్ కూడా ఓడిందే. మొదటి టైటిల్ ఏడో సీజన్‌లో, అదీ 1987లో డ్రాఫ్ట్ రోజు ట్రేడ్ చేసి పిపెన్‌ని తెచ్చుకున్నాక, 1989లో ఫిల్ జాక్సన్ కోచ్ అయ్యాక. హ్యూస్టన్‌లో ఇద్దరూ ఉండరు. శాంప్సన్ మోకాళ్లు మొరాయించి 1987 డిసెంబరుకే ట్రేడ్ అయిపోయాడు, హకీమ్ వేరే ఊళ్లో ఉంటాడు. ఆరు కొట్టడని నేననట్లేదు, ఎనిమిది కూడా కొట్టొచ్చు, రెండుతో కూడా ఆగిపోవచ్చు. ఇంకోటి, రెండో సీజన్‌లో జోర్డాన్ పాదం ఎముక విరిగి 18 మ్యాచ్‌లే ఆడాడు, అది ఎవరికీ గుర్తుండదు. బౌవీ కాలు విరిగితే జోక్, జోర్డాన్ కాలు విరిగితే ఫుట్‌నోట్.

లెక్కలమాస్టారు:

మీరంతా షాట్లూ నాణేలూ పట్టుకున్నారు, నాది బోర్ కొట్టే విషయం, ముందే చెప్తున్నా. 2016 వేసవిలో జీతాల పరిమితి ఒక్కసారిగా ఎగరడం, దాన్ని మారుస్తా.

తెలియనివాళ్ల కోసం: ఒక టీమ్ జీతాల మీద ఎంత ఖర్చు పెట్టొచ్చన్నది లీగ్ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 2014లో లీగ్ టీవీ సంస్థలతో తొమ్మిదేళ్లకి 24 బిలియన్ డాలర్లకి ఒప్పందం చేసుకుంది, ఆ డబ్బు రావడం మొదలైంది 2016-17 సీజన్ నుంచి. దాంతో 70 మిలియన్లు ఉన్న పరిమితి ఒక్క వేసవిలో 94 మిలియన్లయింది. లీగ్ ఏమో మెల్లమెల్లగా ఏటా కొంచెం పెంచుదాం అంది, ఆటగాళ్ల యూనియన్ ఒప్పుకోలేదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే, వచ్చే డబ్బు ఎవరొద్దంటారు. కానీ 73 మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్స్‌లో క్లీవ్‌లాండ్ మీద 3-1 ఆధిక్యం పోగొట్టుకుని దెబ్బతిన్న గోల్డెన్ స్టేట్ దగ్గర సరిగ్గా అదే వేసవిలో డ్యూరాంట్ లాంటి స్టార్‌కి జీతమిచ్చేంత ఖాళీ పుట్టింది. దీనికి ఇంకో పిడకల వేట ఉంది: వాళ్ల స్టార్ కర్రీ చీలమండలు మాటిమాటికీ బెణుకుతున్న రోజుల్లో, 2012లో నాలుగేళ్లకి 44 మిలియన్లకి సంతకం పెట్టాడు, అది ఇంకా నడుస్తూనే ఉంది. లీగ్‌లో ఎంవీపీ (ఆ సీజన్ ఉత్తమ ఆటగాడు), జీతం మాత్రం చవక.

పరిమితి నెమ్మదిగా పెరిగి ఉంటే అంత ఖాళీ దొరికేది కాదు. అప్పుడు డ్యూరాంట్‌తో గోల్డెన్ స్టేట్ కొట్టిన 2017, 2018 టైటిళ్లు ఎవరివి? క్లీవ్‌లాండ్‌కి ఇంకోటి రావొచ్చు. హ్యూస్టన్‌కి 2018 రావొచ్చు, క్రిస్ పాల్ తొడ కండరం పట్టేసి కూర్చోవడం, ఏడో మ్యాచ్‌లో వరసగా 27 త్రీలు పోవడం, ఈ దరిద్రమంతా అవతల అంత బలమైన టీమ్ లేకపోతే తట్టుకునేవాళ్లేమో. లీగ్‌కి కూడా బుద్ధొచ్చినట్టుంది, 2023 ఒప్పందంలో ఏడాదికి పది శాతానికి మించి పెరగకూడదని రాసుకున్నారు.

ఎయిర్‌బాల్:

మాస్టారూ, 2016 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌కి గోల్డెన్ స్టేట్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ మీద సస్పెన్షన్ పడకపోయుంటే డ్యూరాంట్ వచ్చేవాడు కాదు కదా. గెలిచిన టీమ్‌లోకి ఏ మొహం పెట్టుకుని వస్తాడు. మీరు పరిమితి మార్చడం కంటే ఆ ఒక్క సస్పెన్షన్ ఎత్తేస్తే సరిపోయేది, అప్పటికి క్లీవ్‌లాండ్‌లో ఉన్న లెబ్రాన్ ఏడో మ్యాచ్‌లో షాట్ ఆపిన ఆ బ్లాక్ కూడా ఉండేది కాదు, క్లీవ్‌లాండ్ వాళ్లు ఏ పెద్ద ఆటలోనూ టైటిల్ లేక 52 ఏళ్లు ఎదురుచూసింది ఇంకా ఎదురుచూస్తూనే ఉండేవాళ్లు.

లెక్కలమాస్టారు:

ఇది మాత్రం నువ్వన్నది కరెక్టే. మొదటిసారి.

ఎర్రజెర్సీ:

నాది ఎక్కువ ఆలోచించాల్సింది కాదు. 28 ఏప్రిల్ 2012, ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్, ఫిలడెల్ఫియా మీద షికాగో 12 పాయింట్ల ముందుంది, నిమిషంన్నర కూడా లేదు. షికాగో స్టార్ డెరిక్ రోజ్ అప్పటికీ కోర్టులోనే ఉన్నాడు. లోపలికి దూసుకొచ్చి రెండు కాళ్ల మీద ఆగబోయాడు, మోకాలు పట్టుకుని కింద పడ్డాడు. ముందేడాది 22 ఏళ్లకే ఎంవీపీ, లీగ్ చరిత్రలోనే అంత చిన్నవాడు లేడు. టైటిల్ వచ్చేదని నేనేం చెప్పను, మయామీ ఉంది కదా. ఆ కుర్రాణ్ని రెండు నిమిషాల ముందు బెంచి మీద కూర్చోబెట్టండి చాలు, మిగతా చరిత్ర ఎట్లా పోతే అట్లా పోనీ.

కొత్తగాచేరా:

చిన్న డౌట్. పాతవాళ్లని ఇప్పటి లీగ్‌లోకి తీసుకొస్తే అనే ప్రశ్న కూడా ఇందులోకి వస్తుందా? లారీ బర్డ్ ఇప్పుడు ఆడితే ఎన్ని త్రీలు వేసేవాడు?

పాతటేప్:

ముందు ఒకటి తేల్చుకో తమ్ముడూ. 1986 బర్డ్‌ని ఉన్నపళంగా ఎత్తుకొచ్చి ఇప్పటి కోర్టులో దింపుతున్నావా, లేక అతను ఈ కాలంలోనే పుట్టి పెరిగాడనుకుంటున్నావా? జనం ఈ రెండిటినీ కలిపేసి గంటలు గంటలు కొట్టుకుంటారు. 1985-86లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ త్రీలు వేసింది బర్డే, ఎన్నో తెలుసా, సీజన్ మొత్తానికి 82. 2015-16లో కర్రీ వేసినవి 402. బర్డ్‌కి చేతకాక కాదు, త్రీ గీత ఎన్‌బీఏలోకి వచ్చిందే 1979-80లో, కోచ్‌లకి అది ఇంకా సర్కస్ ఫీటులాగే ఉండేది. ఎత్తుకొచ్చి దింపితే మొదటి నెల అలవాటు ప్రకారం లోపలికి అడుగేసి రెండు పాయింట్ల షాట్లే వేస్తాడు. ఇక్కడే పుట్టి పెరిగితే పదేళ్లప్పటి నుంచే గీత బయట ప్రాక్టీస్ చేసుంటాడు, ఎన్ని వేస్తాడో నేను చెప్పలేను కానీ అతనికి ఎదురుగా డిఫెన్స్ చేసేవాడి మీద జాలేస్తుంది.

కార్నర్‌సీటు:

సరే, ఓడిపోయా. నా ఓటు మార్చుకుంటున్నా, టాస్‌కే. మా బ్యాచ్‌లో రేపు ఇదే చెప్తా, నేనే కనిపెట్టినట్టు చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. కానీ ఆ ఆరో మ్యాచ్ నన్ను వదలదు. మొదటి సగంలోనే 25 పాయింట్లు, మ్యాచ్ మొత్తంలో 17 రీబౌండ్లు తీసుకున్న డంకన్‌ని, రీబౌండే ప్రాణం అయిన ఆ ఆఖరి ఇరవై సెకన్లలో బెంచి మీద కూర్చోబెట్టడం ఏంటి?

లెక్కలమాస్టారు:

మూడు పాయింట్ల తేడా కాబట్టి. మయామీకి త్రీ తప్ప వేరే దారి లేదు, బాష్ కూడా బయటి నుంచి వేయగలడు, గీత దగ్గర ఎవరు ఎవరి మీదకైనా మారగలిగే చురుకైన కాళ్లు కావాలి, డంకన్ కాళ్లు అవి కావు. కోచ్ అనుకున్నదే జరిగింది కదా, లెబ్రాన్ త్రీ పడలేదు.

కార్నర్‌సీటు:

పడలేదు. రీబౌండ్ ఎవరు తీసుకున్నారు?

లెక్కలమాస్టారు:

బాష్. సరే, నేనేం మాట్లాడను.