నాయకుల పేర్లున్న భవనాల వార్తల్లో తప్పులు: సవరణ వేయడం తప్పనిసరా?

హన్మకొండ పాఠకుడు:
కొండా లక్ష్మణ్ బాపూజీ పేరుతో ఉన్న ఉద్యాన విశ్వవిద్యాలయం ములుగు జిల్లాలో ఉందని ఈ మధ్య ఒక దినపత్రిక రాసింది. అది ఉన్నది సిద్దిపేట జిల్లాలోని ములుగులో. మన ములుగు జిల్లాకు వచ్చింది సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం. రెండు ఊళ్ల పేరూ ఒకటే కాబట్టి పొరపాటు జరగడం సహజమే. కానీ పత్రికకు తెలియజేసిన తర్వాత వెబ్‌సైటులో ఆ వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా మార్చి, అచ్చులో మాత్రం ఒక్క ముక్క వివరణ కూడా వేయలేదు. తప్పు తేలిన వెంటనే తగిన ప్రాధాన్యంతో సవరణ ప్రచురించాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళే చెబుతున్నప్పుడు, ఇలాంటి వార్తలకు దానిని ఎందుకు పాటించరు?

పరకాల విలేకరి:
తప్పు తప్పే, కాదనను. అయితే మండలం నుంచి వెళ్లిన వార్తను రాత్రిపూట డెస్కులో కుదించే ఉపసంపాదకుడికి ఈ ప్రాంతం తెలిసి ఉండాలని లేదు. 2016లో జిల్లాలు విడిపోయాయి. 2021లో వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ జిల్లాలై, మండలాలు కూడా అటూ ఇటూ మారాయి. ఆచార్య జయశంకర్ గారి స్వగ్రామం అక్కంపేట, ఆయన పేరు పెట్టిన భూపాలపల్లి జిల్లాలో కాక హనుమకొండ జిల్లాలో ఉందంటే ఇక్కడి వాళ్లే ఒక్క క్షణం తడబడతారు. పైగా సవరణ పడిందంటే వేటు పడేది డెస్కు మీద కాదు, జీతం లేకుండా వార్తకు ఇంత అని బతికే కంట్రిబ్యూటరు మీద. ప్రతి చిన్న పొరపాటుకూ సవరణ కోరే ముందు ఈ సంగతి ఆలోచించండి.

హన్మకొండ పాఠకుడు:
కంట్రిబ్యూటరు మీద వేటు వేయడం అన్యాయం, అందులో నాకు రెండో మాట లేదు. సవరణలో ఎవరి పేరూ రాయనక్కరలేదు. అది పత్రిక పాఠకుడికి చెల్లించవలసిన బాకీ. అయితే ఈ తప్పులు చిన్నవన్న మాటను ఒప్పుకోలేను. భవనానికి నాయకుడి పేరు పెట్టడమే ఒక రాజకీయ నిర్ణయం కాబట్టి, దాని గురించి రాసిన తప్పు ఎవరో ఒకరికి లాభిస్తుంది. కాళోజీ కళాక్షేత్రానికి 2014లో కేసీఆర్ శంకుస్థాపన చేశారు, 2024 నవంబరు 19న రేవంత్ రెడ్డి ప్రారంభించారు. ఈ రెండింటిలో ఒక్క తేదీ మాత్రమే రాసి ఫలానా ప్రభుత్వం కట్టించిందని ముగిస్తే, పదేళ్లలో మారిన ప్రభుత్వాలూ ఆగుతూ సాగిన పనులూ అన్నీ ఒకరి ఖాతాలోకే వెళ్లిపోతాయి. ప్రకటన, జీవో, శంకుస్థాపన, ప్రారంభం వేర్వేరు ఘట్టాలు. వీటిని కలిపేసి రాయడమే అన్ని తప్పులకూ మూలమని నేను అనుకుంటాను. 2014 నవంబరులో శంషాబాద్ విమానాశ్రయంలోని దేశీయ టెర్మినల్‌కు ఎన్టీఆర్ పేరు పెట్టాలన్న కేంద్రం నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ మన శాసనసభ తీర్మానం చేసింది. అంత సున్నితమైన విషయంలో విమానాశ్రయం పేరే మారిందని ఎవరైనా రాసి ఉంటే దానిని చిన్న పొరపాటు అనగలమా?

హుజూరాబాద్ ఉపాధ్యాయుడు:
పిల్లలు స్థానిక చరిత్ర ప్రాజెక్టులకు పత్రికల కత్తిరింపులే తెస్తారు. పీవీ గారు 1957 నుంచి 1977 వరకు మంథని శాసనసభ్యులు; హన్మకొండ నుంచి గెలిచింది లోక్‌సభకు. ఈ రెండింటినీ తారుమారు చేసిన జయంతి వ్యాసాన్ని ఒకరు తెస్తే, మరుసటి ఏడాది అదే వాక్యం మరో పత్రికలో కనిపించింది. అక్షర దోషాలను వదిలేయండి. స్థలం, తేదీ, పదవి, ఎవరు చేశారన్న నాలుగింటిలో తప్పు జరిగితే మాత్రం సవరణ రావలసిందే.

పరకాల విలేకరి:
ఆ నాలుగింటి వరకు నాకూ సమ్మతమే. వెబ్‌సైటులో వార్త కిందనే, ఏ తేదీన ఏది మార్చారో రాయడానికి ఖర్చేమీ లేదు, దానిని వెంటనే మొదలుపెట్టవచ్చు. అచ్చులో అయితే, తప్పు ఎక్కడ జరిగిందో డెస్కు ముందుగా తేల్చి, ఆ బాధ్యతను తన మీద వేసుకుంటానని రాతపూర్వకంగా ఒప్పుకునే వరకు, నా అభ్యంతరం అలాగే ఉంటుంది.