రెక్కల మచ్చలను చూసి పురుగు పేరు చెప్పవచ్చునా?

కొండపి రైతు:
మా పొగాకు నారుమడి పక్కనే మొక్కజొన్న చేను ఉంది. గట్టు మీద పెట్టిన దీపపు ఎరలో పడుతున్న గోధుమరంగు రెక్కల పురుగులు పొగాకు లద్దె పురుగువో, కత్తెర పురుగువో తేల్చుకోలేకపోతున్నాను. మొదటిదైతే నారుకు ముప్పు. రెండవదైతే ముందు మొక్కజొన్న సుడులను, అంటే మొక్క నడుమ చుట్టుకొని ఉండే లేత ఆకులను, చూసుకోవాలి. రెక్కల మచ్చలను బట్టి చెప్పవచ్చునా?

కావలి పరిశీలకుడు:
తప్పకుండా చెప్పవచ్చును. ముందు రెక్క కొసన తెల్లని మచ్చ, నడుమ ఏటవాలుగా లేతరంగు గుర్తు ఉంటే అది మగ కత్తెర పురుగు. రెక్క నిండా తెల్లని గీతలు వలలాగా అల్లుకొని ఉంటే లద్దె పురుగు; అందులో మగదానికి రెక్క కొసన నీలిబూడిద రంగు కూడా ఉంటుంది. ఎరలో కనబడగల మరో పురుగు, శనగపచ్చ పురుగుకు వెనుక రెక్క అంచున వెడల్పాటి నల్లని పట్టీ ఉంటుంది కనుక దానితో పేచీ లేదు.

ఒంగోలు ఉపాధ్యాయుడు:
ఆ గుర్తులు సరైనవే గాని, వాటి మీద అంత భరోసా ఉంచడాన్ని నేను ఒప్పుకోలేను. రెక్కల మీది రంగంతా ముట్టుకుంటే పొడిలా రాలిపోయే పొలుసులదే. రాత్రంతా దీపం చుట్టూ కొట్టుకొని ఎర కింది నీళ్లలో తడిసిన పురుగుకు ఆ తెల్లమచ్చ ఏపాటి మిగులుతుంది? పైగా ఆడ కత్తెర పురుగుకు ఆ మచ్చ స్ఫుటంగా ఉండదు. మొత్తం బూడిద కలిసిన గోధుమరంగే. ఆడ పురుగు వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలో పడేవి మగవి కనుక అక్కడ మీ మాట చాలావరకు నిలుస్తుంది. దీపపు ఎరకు ఆడవీ మగవీ వస్తాయి. మచ్చ కనబడలేదు కనుక కత్తెర పురుగు కాదని మొక్కజొన్నను వదిలేస్తే రైతు నష్టపోతాడు, నా పట్టుదల అందుకే.

కావలి పరిశీలకుడు:
ఆడవాటి విషయంలో మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే 2018లో కర్ణాటకలో బయటపడేదాకా కత్తెర పురుగు మన దేశంలో నమోదు కాలేదు కనుక, అంతకుముందటి పుస్తకాలతో పోల్చుకునేవారు ప్రతి గోధుమరంగు పురుగునూ లద్దె పురుగనే అనుకుంటారు. పొలుసులు చెదరని మగ పురుగు ఒక్కటి దొరికినా ఆ పొరపాటు తీరుతుంది.

ఒంగోలు ఉపాధ్యాయుడు:
ఆ ఒక్కటి దొరికితే కత్తెర పురుగు వచ్చిందని నేనూ అంటాను. దొరకకపోతే రాలేదని మాత్రం అనను. గుడ్ల సముదాయాన్ని చూసీ తేల్చలేము, ఎందుకంటే రెండూ దాని మీద నూగు కప్పుతాయి. ఎదిగిన గొంగళి తల మీద తలకిందుల ‘వై’ ఆకారపు తెల్లగీత, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లచుక్కలు ఉంటే కత్తెర పురుగే.

కొండపి రైతు:
రేపు తెల్లవారకముందే ఎర దగ్గరికి వెళ్లి తడవని పురుగులను ఏరి, రెక్కలు పరచి చూస్తాను. మొక్కజొన్న సుడులలోనూ, నారుమడి చుట్టూ ఎరపంటగా వేసిన ఆముదం ఆకుల మీదా గొంగళ్లను వెతికి, వాటి తలల ఫొటోలు ఇక్కడ పెడతాను.