విందాలూకి కొబ్బరి వెనిగర్ బదులు తెల్ల వెనిగర్ పోయొచ్చా?

ప్రశ్న: కిలో పోర్క్‌తో గోవా విందాలూ చేయాలి. కొలతల్లో 120 మి.లీ. కొబ్బరి వెనిగర్ అని ఉంది. ఇంట్లో ఉన్నది సింథటిక్ (తెల్ల) వెనిగర్. అదే కొలత సరిపోతుందా? పోనీ, కొబ్బరి నీళ్లతో ఇంట్లోనే చేసుకోవచ్చా?

జవాబు 1: అంతా ఒకేసారి పోయకండి. గోవాలో వాడేది కొబ్బరి కల్లు పులిసి తయారైన వెనిగర్; అందులో పులుపుతో పాటు కల్లు వాసన, కాస్త తీపి ఉంటాయి. సింథటిక్ అంటే నీళ్లలో కలిపిన ఎసిటిక్ ఆమ్లమే, ముక్కుకి ఘాటుగా కొడుతుంది. 80 మి.లీ. సింథటిక్, 40 మి.లీ. నీళ్లు, అర చెంచా బెల్లం కలిపి వాడండి. చాలకపోతే చివర్లో చెంచాడు కలపొచ్చు, ఎక్కువైతే తీయలేం. ఆపిల్ సైడర్ వెనిగర్ దొరికితే ఇంకా నయం.

గింజలు తీసిన 10-12 కాశ్మీరీ మిరపకాయలు ఆ వెనిగర్‌లోనే అరగంట నానబెట్టి, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, చెక్క, లవంగాలతో రుబ్బండి. మాంసానికి పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. గాజు లేదా స్టీలు గిన్నె వాడండి. పులుపు అల్యూమినియాన్ని తినేస్తుంది.

ప్రశ్న వేసినవారు: బంగాళాదుంపలు వేస్తే గంటసేపు ఉడికించినా గట్టిగానే ఉంటున్నాయి. ఎందుకండీ?

జవాబు 2: పులుపులో దుంప మెత్తబడదు, కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరగదు కాబట్టి. విడిగా ఉడికించి దించే ముందు వేయండి. అసలు గోవా విందాలూలో దుంపలే ఉండవు.

ఇక ఇంటి వెనిగర్. ముదురు కాయల నీళ్లు లీటరు, పంచదార 120 గ్రాములు. ఆ నీళ్లలో సహజంగా ఉండే తీపి తక్కువ. పంచదార వేయకపోతే వెనిగర్ పలచగా వచ్చి త్వరగా పాడవుతుంది. మరిగించి, గోరువెచ్చగా అయ్యాక పావు చెంచా ఈస్ట్ వేయండి. మూత వదులుగా పెట్టాలి, బిగిస్తే సీసా పగలొచ్చు. సుమారు వారానికి బుడగలు ఆగాక పైతేట తీసి, వేడి చేయని, మదర్ (వెనిగర్‌ను తయారుచేసే బ్యాక్టీరియా పొర) ఉన్న వెనిగర్ 200 మి.లీ. కలిపి, వెడల్పు మూతి జాడీకి గుడ్డ కట్టి నీడన 4-6 వారాలు ఉంచండి. ఈ దశలో గాలి తగలకపోతే ఈస్ట్ వల్ల వచ్చిన ఆల్కహాల్ వెనిగర్‌గా మారక ఆల్కహాల్‌గానే మిగిలిపోతుంది. జెల్లీలాంటి పొర కడితే మంచిదే, అదే మదర్. తెల్లగా ముడతలు పడిన పలుచని పొర ఈస్ట్‌ది, తీసేయండి. పచ్చగా, నల్లగా నూగు కనిపిస్తే మొత్తం పారబోయాల్సిందే.

దీన్ని కూరలకే వాడండి. ఆమ్లం ఎంతుందో కొలవకుండా నిల్వ పచ్చళ్లలో పోయడం ప్రమాదం.

జవాబు 3: గల్ఫ్‌లో ఉంటే ఫిలిప్పీనో దుకాణాల్లో కొబ్బరి సుకా (వాళ్ల భాషలో సుకా అంటే వెనిగర్) అడగండి. లేబుల్ మీద కొబ్బరి కల్లు గానీ కొబ్బరి నీళ్లు గానీ ఉండాలి. దానితో అడోబో (వెనిగర్‌లో ఉడికించే ఫిలిప్పీన్స్ మాంసం కూర) చేసేటప్పుడు వెనిగర్ పోశాక మూత పెట్టకుండా, కలపకుండా కొన్ని నిమిషాలు మరగనిస్తారు, పచ్చి ఘాటు పోవడానికి. విందాలూకీ అదే చేయండి.